గ్రహణం వేళ విశ్వాసి



గ్రహణం వస్తుందనగానే మన పల్నాటి గ్రామాలలో, కొన్ని క్రైస్తవ గృహాలలో సైతం, తలుపులు మూస్తారు. నిండు చూలాలిని అన్నం నీళ్లు లేకుండా చీకటిగదిలో పడుకోబెడతారు. కత్తిపీట ముట్టుకుంటే బిడ్డకు గ్రహణమొర్రి వస్తుందని భయం. ఈ భయానికి ఆధారమున్నదా?

1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. పట్టపగలు ఐదు నిమిషాలకు పైగా సూర్యుడు మరుగైపోయాడు. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అక్కడే ఉండి ఆ వెలుగును పరిశీలించాడు. సూర్యుని అంచున లేచే జ్వాలలు మండే వేడిగల హైడ్రోజన్ వాయువని గ్రహించాడు. మరునాడు గ్రహణం లేకుండానే వాటిని చూడగలిగాడు. ఆనాటి పరిశీలనలలో కనిపించిన పసుపు గీత, తరువాత హీలియం మూలకాన్ని గుర్తించడానికి దారితీసింది.

కల్వరి చీకటి కూడా గ్రహణమేనని కొందరంటారు. కాదు. పాస్క పండుగ పౌర్ణమికి వస్తుంది. సూర్యగ్రహణం అమావాస్యనాడే పడుతుంది. సంపూర్ణ గ్రహణం ఒకచోట ఎనిమిది నిమిషాలైనా ఉండదు. ఆ చీకటి మూడు గంటలున్నది (లూకా 23:44). తన ప్రభువు మరణానికి సృష్టి పడిన దుఃఖమది.

సూర్యచంద్రులు దేవుని చేతిపనులు (ఆది 1:16). మన తలరాతను శాసించే దేవతలు కారు. కనుక గ్రహణంనాడు గర్భిణికి వేళకు అన్నం పెట్టండి. సూర్యుని వట్టి కళ్లతో మాత్రం చూడకండి, చూపు దెబ్బతింటుంది. ఇది మూఢనమ్మకం కాదు, జాగ్రత్త. గ్రహణం విడిచేలోగా ఇంటిల్లిపాదీ కూడి పరలోక జపం చెప్పుకొనండి.