గాజుతొట్టిలో పెంచు పగడపు జీవులకు తగిన దీపము

రైతుల యిండ్లలో గాజుతొట్టి నుంచి రంగుచేపలను పెంచుట యిప్పుడు వింత గాదు. మంచినీటి చేపలతో ఆరంభించిన కుఱ్ఱవాండ్రలో కొందఱు ఉప్పునీటి తొట్టి నేర్పరచి, అందు పగడపు జీవులను సయితము పెంచగోరుచున్నారు. ఇట్టివారిని మొట్టమొదట తికమక పెట్టునది దీపము. తొట్టికి వలయు సామగ్రిలో తఱచుగా దీపమునకే హెచ్చు ధర పలుకును. అంగడిలోని ప్రతి దీపపు పెట్టెమీదను పెద్ద అంకెలే యుండును. అప్పుచేసి గొప్ప దీపము కొని, దాని వాడిమికి జీవులను పోగొట్టుకొను వారును కలరు. చౌకదని యెంచి చాలని దీపము కొని, అదే నష్టము పొందువారును కలరు. ఈ రెండు తెఱగుల నష్టమును తప్పించుకొనుటకు తెలియవలసిన సంగతులను ఈ పాఠమున వివరించుచున్నాము.

1. పగడపు జీవికి వెలుతురేల?

పగడము రాయి గాదు, మొక్కయు గాదు, అది జంతువు. అయినను దాని మెత్తని శరీరములో కంటికి గానరాని నాచు కణములు కాపురముండును. వీనిని శాస్త్రజ్ఞులు జూజాంథెల్లీ యని పిలుతురు. వరి యాకు ఎండలో చేయు పనినే యీ కణములును చేసి, ఆహారమును తయారుచేసి, అందు అధికభాగమును తమకు చోటిచ్చిన జంతువున కిచ్చును. జంతువు విడుచు బొగ్గుపులుసు గాలిని, నత్రజని పదార్థములను తాము ఎరువుగా గ్రహించును. భూమి యొకరిది, సేద్య మొకరిదియై, ఫలమును పంచుకొను పాలు సేద్యమువంటి దీ యేర్పాటు. వెలుతురు చాలనిచో సేద్యము సాగదు. సేద్యము సాగనిచో భూస్వామియు పస్తుండవలసినదే.

పగడపు దిబ్బలు రామేశ్వరము దాపున మన్నారు సింధుశాఖలోను, లక్షద్వీపములలోను, అండమాను దీవులలోను కలవు గాని, గోదావరి కృష్ణల ముఖద్వారముల యొద్ద లేవు. ఈ నదులు తెచ్చు ఒండ్రుచే నీరు కలకబారి వెలుతురు లోతునకు దిగదు. మంచినీటి కలయికచే ఉప్పదనమును తగ్గును. మన మాగాణికి బలమైన యా ఒండ్రే పగడమునకు శత్రువు. వెలుతురు ఎంత ముఖ్యమో దీనివలన గ్రహింపవచ్చును.

ఇంకొక విశేషము. సముద్రపు నీరు ఎఱ్ఱని వెలుతురును మొదటి కొలది మీటర్లలోనే హరించివేయును. నీలపు వెలుతురు మాత్రము లోతునకు పోవును. కావున పగడములోని కణములు నీలపు వెలుతురును చక్కగా వాడుకొనుటకు అలవడియున్నవి. నారు పెంచుటకై అమ్మబడు ఎఱుపు హెచ్చుగాగల దీపములు చవుకగా దొరకినను ఈ పనికి తగవు.

2. ఎండ ఉండగా దీపమేల?

ఇది న్యాయమైన ప్రశ్న. ఎండకు వెల లేదు. కాని కిటికీనుండి వచ్చు ఎండ ప్రక్కగా వచ్చును, గంటగంటకును మారును. అంతకంటె ముఖ్యముగా నీటిని వేడెక్కించును. పగడపు తొట్టిలో నీరు 25, 26 డిగ్రీల సెంటిగ్రేడు నుండుట మేలు. 30 డిగ్రీలు దాటి కొన్నిదినము లున్నచో జీవులకు అపాయము. నీరు వేడెక్కినపుడు బలమైన వెలుతురు మేలునకు బదులు కీడు చేయును. లోని నాచు కణములు విషపదార్థములను పుట్టించును. జంతువు వానిని బయటికి వెడలగొట్టి తెల్లబారును. సముద్రములలో జరుగుచున్నదియు నిదియే. 1998 లోను, 2010 లోను, 2014 మొదలు 2017 వఱకును ప్రపంచమంతట పగడములు ఇట్లు తెల్లబారినవి. నాలుగవ పర్యాయము జరుగుచున్నదని 2024 ఏప్రిలులో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన వేసవిలో కిటికీప్రక్క తొట్టి యుంచుట యా కష్టమును ఇంటికి పిలుచుటయే.

3. ముందు జీవి, పిదప దీపము

ఈ పాఠమునకు ప్రాణమిదియే. చెఱకు వేయువాడును, జొన్న వేయువాడును ఒకే కొలత నీరు కట్టరు. అట్లే ఏ జీవిని పెంచదలచితిమో నిర్ణయించుకొనక దీపము కొనరాదు.

వెలుతురును కొలుచుటకు పార్ అను కొలత కలదు. ఒక చదరపు మీటరు చోటున ఒక సెకనులో పడు, ఆకునకు పనికివచ్చు వెలుతురు ఎంతయో అది తెలుపును. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఇది సుమారు 2000 ఉండును. పుట్టగొడుగు పగడములు, జోవాంథిడ్లు, తోలు పగడములు మొదలగు మెత్తని జాతులకు 50 మొదలు 100 వఱకు సాధారణముగా చాలును. పెద్ద నోళ్లుగల రాతిపగడములకు 75 మొదలు 150 వఱకు వలయును. అక్రోపోరా వంటి చిన్న నోళ్ల రాతిపగడములకు 200 మొదలు 350 వఱకు వలసియుండును. అనగా కడపటి వానికి మొదటివానికంటె మూడు నాలుగు రెట్లు వెలుతురు, దానికి దగినంత కరెంటు, వేడిమిని తగ్గించు యంత్రము కూడ కావలసివచ్చును.

చట్టము మాటయు ఇచ్చట చెప్పవలసియున్నది. దిబ్బలు కట్టు రాతిపగడము లన్నియు, నల్లపగడములు, సముద్రపు విసనకఱ్ఱలు మొదలగునవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో 2001 లో చేర్చబడినవి. మన సముద్రములనుండి వీనిని తీయుటయు, అమ్ముటయు, కొనుటయు నేరము. కావున ఎచ్చటినుండి వచ్చెనో తెలియని రాతిపగడమును చవుక యని కొనరాదు. మెత్తని జాతులను సయితము రశీదు నిచ్చు వర్తకునియొద్దనే కొనవలెను. మెత్తని జాతులతో తృప్తిపడువానికి తక్కువ దీపము చాలును, వ్యయమును స్వల్పము. క్రొత్తవాడు ఈ మార్గముననే ఆరంభింపవలెనని మా సలహా.

4. దీపముల తరగతులు

మెటల్ హేలైడు దీపము: ఎండను పోలిన బలమైన వెలుతురు నిచ్చును. ఒక్కొక్కటి 150 లేక 250 వాట్లు త్రాగును. వేడిమి మిక్కుటము. మన సీమలో వేసవియందు దీనిని వాడుట తొట్టిక్రింద పొయ్యి నుంచినట్లే. పాతది యెవరైన ఉచితముగా నిచ్చినను కరెంటు బిల్లు నాలోచించి పుచ్చుకొనవలెను.

టి-5 గొట్టపు దీపము: వెలుతురు తొట్టియంతట సమముగా పఱచుకొనుట దీని సుగుణము. 24, 39, 54 వాట్ల గొట్టములు కలవు. కాని బలము క్రమముగా తఱుగును గనుక 9 మొదలు 12 నెలల కొకసారి గొట్టములను మార్చవలెను. గొట్టములలో పాదరసముండును. సాధారణ ప్రకాశమునకు వాడు ఇట్టి గొట్టముల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 ముగియులోపల నిలుపవలెనని మినమాటా ఒప్పందపు దేశములు 2023 లో నిర్ణయించినవి. కావున రాను రాను వీని లభ్యత తగ్గవచ్చును.

ఎల్.ఇ.డి. దీపము: తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుతురిచ్చును, నీటిపై వేడిమి తక్కువ, చక్కగా చల్లార్చు ఏర్పాటుగల దీపము కొన్ని సంవత్సరములు మన్నును. స్వల్పవ్యయము కోరువానికి ఇదియే తగినది. కొనునపుడు నాలుగు సంగతులు చూడవలెను. మొదటిది: 450 నానోమీటర్ల దాపున నుండు ముదురు నీలపు దీపములు, తెల్లని దీపములు వేర్వేఱు మీటలతో నుండవలెను. రెండవది: వెలుతురును తగ్గించు వీలుండవలెను. మూడవది: వెలుతురు విరివిగా పఱచుకొనవలెను, సన్నని కోణపు కటకములైనచో నడుమ మంట, అంచుల చీకటి యగును. నాల్గవది: పెట్టెమీది వాట్లను నమ్మరాదు. 165 వాట్లని వ్రాసిన దీపము నిజముగా అంతకంటె చాల తక్కువ త్రాగుచుండవచ్చును. సాకెట్టున కమర్చు చిన్న వాట్ మీటరుతో అంగడిలోనే పరీక్షింపవచ్చును.

అంతకంటెను చవుక మార్గ మొకటి కలదు. నీరు చొరని లోహపు పెట్టెలో నుండు ఫ్లడ్ లైట్లు, 6500 కెల్విన్ తెలుపు ఒకటి, ముదురు నీలము ఒకటి, తగిన యెత్తున వ్రేలాడదీసినచో మెత్తని జాతులు చక్కగా పెరుగును. అందము తక్కువ, ఫలము సమానము.

5. నెలనెలకు అగు వ్యయము

దీపపు ధర ఒకసారి ఇచ్చుదుము. కరెంటు ధర ప్రతినెలయు ఇచ్చుదుము. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతుగల తొట్టికి దినమునకు 10 గంటల చొప్పున దీపము వెలిగించినచో లెక్క యిట్లుండును. యూనిటు 6 రూపాయలనుకొందము.

250 వాట్ల హేలైడు ఒకటి: నెలకు 75 యూనిట్లు, 450 రూపాయలు.
39 వాట్ల గొట్టములు నాలుగు: నెలకు సుమారు 47 యూనిట్లు, 280 రూపాయలు.
మెత్తని జాతులకు 60 వాట్ల ఎల్.ఇ.డి.: నెలకు 18 యూనిట్లు, 108 రూపాయలు.

మొదటిదానికిని కడపటిదానికిని సంవత్సరమునకు 4,104 రూపాయల భేదము. నీటిని చల్లార్చు యంత్రపు కరెంటు ఇందు చేరలేదు.

6. అమర్చు విధము

నీటిమట్టమునకు 8 మొదలు 12 అంగుళముల యెత్తున దీపము నుంచవలెను. క్రొత్త దీపమును మొదటి దినముననే పూర్తి బలముతో వెలిగింపరాదు. నీడలో పెరిగిన నారును మండుటెండలో నాటి నీరు కట్టనట్లగును. మొదట సగము బలముతోనో, అంతకు తక్కువతోనో ఆరంభించి, మూడు నాలుగు వారములలో కొంచెము కొంచెముగా పెంచవలెను. దినమునకు 8 మొదలు 10 గంటలు చాలును. టైమరు అమర్చినచో ఇంటివారు మఱచినను క్రమము తప్పదు. గంటలు పెంచినచో పగడము త్వరగా పెరుగునని తలంచుట పొరపాటు. పెరుగునది గాజుమీది నాచు. నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు హెచ్చినచో ఆ నాచు మఱింత చెలరేగును.

బలమైన వెలుతురు దీపము క్రింద నడుమ నుండును. మూలలలోను, అడుగునను తక్కువగా నుండును. కావున తక్కువ వెలుతురు కోరు పుట్టగొడుగు పగడములను అడుగున అంచులందును, తోలు పగడములను నడుమ ఎత్తైన రాళ్లమీదను అమర్చవలెను. ఇట్లు చేసినచో ఒకే దీపము అందఱికిని సరిపోవును.

7. జీవి చెప్పు గుర్తులు

ఆకును జూచి పైరు తెగులు కనిపెట్టు రైతునకు ఇది కష్టము గాదు. జీవి గోధుమరంగు తిరిగి, కాడ సాగి దీపమువైపు నిక్కుచున్నచో వెలుతురు చాలలేదని గుర్తు. ముడుచుకొని రంగు వెలిసి తెల్లబారుచున్నచో హెచ్చైనదని గాని, నీరు వేడెక్కినదని గాని తలంపవలెను. ముందుగా నీటి వేడిమిని, ఉప్పదనమును చూచి, పిదపనే దీపమును ముట్టవలెను. ఒకే దినమున రెండు మార్పులు చేసినచో దేనివలన ఏ ఫలము కలిగెనో తెలియదు.

8. ప్రాణాపాయము

ఉప్పునీరు కరెంటును మంచినీటికంటె సులభముగా ప్రసరింపజేయును. దీపము నీటిలో పడకుండ రెండు కొక్కెములతో భద్రముగా కట్టవలెను. తీగ సాకెట్టు మట్టమునకు క్రిందుగా ఒక వంపు తిరిగి పైకి పోవునట్లు అమర్చినచో తీగవెంట జారు నీటిచుక్క సాకెట్టులోనికి పోక వంపునుండి రాలిపోవును. ఎర్తు తీగ, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికి తెగిపోవు ట్రిప్పరు తప్పనిసరి. తొట్టిలో చేయి పెట్టుటకు ముందు దీపమును, పంపును ఆపవలెను. ఈ యేర్పాటునకగు సొమ్మును దీపపు ధరలో భాగముగనే లెక్కింపవలెను. ఇందు పొదుపు కూడదు.

కరెంటు పోయినపుడు బ్యాటరీని దీపమునకు గాక పంపునకు తగిలింపవలెను. ఒక దినము వెలుతురు లేకున్నను పగడము చావదు. నీటి కదలిక నిలిచి ప్రాణవాయువు తగ్గినచో కొలది గంటలలో చేపలు చచ్చును.

9. సంఘముగా చేయదగిన పని

పార్ మీటరు ధర తఱచుగా చిన్న దీపపు ధరను మించును. ఏడాదికి రెండుమూడు మాఱులు మాత్రమే వలయు పరికరమును ఒక్కొక్కడు కొనుట దుబారా. పదిమంది చందా వేసి ఒకటి కొని, వంతులవారీగా వాడుకొనుట సహకారపు పద్ధతి. అంతవఱకు చవుకగా దొరకు లక్స్ మీటరు కొంత సాయపడును. తెల్లని ఎల్.ఇ.డి. వెలుతురులో సుమారు 5,000 లక్సులు 75 పార్ నకు సమీపమని యెంచవచ్చును. నీలి దీపమునకు ఈ లెక్క చెల్లదు గనుక, తెల్లదీపమును మాత్రము వెలిగించి, తొట్టిలో నీరు పోయకముందే, జీవి కూర్చుండు చోటున మీటరు నుంచి కొలువవలెను. ఇదే మీటరు కోళ్ల షెడ్డులలో వెలుతురు చూచుటకును పనికివచ్చును గనుక సంఘమునకు నష్టము లేదు.

ముగింపుగా చెప్పున దేమన, పెంచదలచిన జీవి పేరును, అది కూర్చుండు లోతును ఒక కాగితముపై వ్రాసికొని అంగడికి పొండు. ఆ కాగితమునకు తగిన దీపమునే అడుగుడు. అంతకు మించినదానిని అమ్మజూపు వర్తకునకు నమస్కరించి ఇంటికి రండు.