మ్యూజియంలో మీ పిల్లలు ఎవరితో మాట్లాడారు?



"మ్యూజియం చూసొచ్చాం మేడమ్, గంటలో అయిపోయింది." సెలవుల తర్వాత క్లాసులో ఈ మాట తరచుగా వింటాను. ఏం చూశారని అడిగితే "పెద్ద గడియారం" అని ఆగిపోతారు. అన్ని గదులూ తిరిగినా ఎందుకు గుర్తుండదు?

నా చిన్నప్పటి సంగతి చెప్తాను. ఆరో తరగతిలో మమ్మల్ని ఒక మ్యూజియానికి తీసుకెళ్లారు. ఒక బొమ్మను స్నేహితురాలికి చూపిద్దామని చెయ్యి చాపాను. "ఏయ్, ముట్టుకోకు! నడువు!" అని అక్కడి ఉద్యోగి అరిచారు. నేను ముట్టుకోనే లేదు. ఆ బొమ్మ ఏమిటో ఇప్పుడు గుర్తులేదు కానీ ఆ అరుపు మాత్రం గుర్తుంది. చాలా ఏళ్లు మళ్లీ ఏ మ్యూజియానికీ వెళ్లాలనిపించలేదు.

కిందటేడు మన వికారాబాద్, తాండూరు బ్రాంచిల పిల్లలతో హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్, ఆయన కుటుంబంలోని ముందు తరాలవారు సేకరించిన వస్తువులతో 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడిలో ఈ మ్యూజియం ప్రారంభమైంది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది.

మొదటి రెండు గదుల్లో తప్పు మాదే. "లైన్‌లో నడవండి, మాట్లాడకండి" అని టీచర్లం తొందరపెట్టాం. పిల్లలు ముందువాళ్ల వీపులు చూస్తూ నడిచారు.

ముసుగు రెబెకా విగ్రహం దగ్గర పరిస్థితి మారింది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఈ పాలరాతి విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. పలుచటి ముసుగు వెనక ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది. అక్కడి గార్డు మా పిల్లల్ని ఆపి నవ్వుతూ అడిగారు: "ఇది రాయి మీద కప్పిన బట్టనా, బట్ట కూడా రాయేనా? మీరే చెప్పుండ్రి."

అందరూ చుట్టూ మూగారు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని తాండూరు బాబు ఒకడు మెల్లగా అన్నాడు: "రాయే అంకుల్. పాలిష్ పట్టినకాడ ఒక తీరు మెరుస్తది, పట్టనికాడ ఒక తీరు ఉంటది."

"నీకెట్ల తెలుసు బిడ్డా?"

"మా నాన్న బండల పాలిషింగ్‌ల పనిచేస్తడు."

"అయితే నాకంటే నీకే ఎక్కువ తెలుసు. వీళ్లకు నువ్వే చెప్పు."

తండ్రి పని గురించి ఆ బాబు అంతవరకు క్లాసులో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పది నిమిషాలు అతనే టీచర్. మర్నాడు పిల్లలే అడిగారు, తాండూరు బండకు, పాలరాయికి తేడా ఏమిటని. మన నాపరాయి ఒక రకం సున్నపురాయి. సున్నపురాయి భూమి లోపల వేడికి, ఒత్తిడికి మార్పు చెందితే పాలరాయి అవుతుంది. సైన్స్ మేడమ్ ఆ పాఠం మొదలుపెట్టేసరికి సగం పని అయిపోయింది.

ఆ గార్డు ఉద్యోగం వస్తువులను కాపాడడం, పాఠం చెప్పడం కాదు. అయినా ఆయన అడిగిన ఒక్క ప్రశ్నతో పిల్లలకు "ఇది మన చోటే" అనిపించింది. నాకు చిన్నప్పుడు దొరకనిది అదే. అన్నిచోట్లా అలాంటి గార్డు దొరకకపోవచ్చు. అప్పుడు ఆ పని మీరు చేయవచ్చు.

మీరు వెళ్లేటప్పుడు ఇలా చేసి చూడండి:

1. మూడు వస్తువులే ఎంచుకోండి. సాలార్‌జంగ్‌లో అయితే రెబెకా, సంగీత గడియారం, ముందు ఒకరు వెనక ఒకరు కనిపించే మెఫిస్టోఫిలిస్–మార్గరెట్టా చెక్క బొమ్మ. గడియారం దగ్గరికి గంట కొట్టడానికి కాస్త ముందే చేరుకోండి. శుక్రవారం సెలవు.

2. సిబ్బందిని మీ పిల్లలే పలకరించనివ్వండి. "నమస్తే అంకుల్, ఈ గదిలో మీకు బాగా నచ్చింది ఏది?" అని అడగమనండి. రోజంతా నిలబడి ఉండేవారిని అలా అడిగేవాళ్లు తక్కువ.

3. "ముట్టుకోకు" అని ఊరుకోకుండా కారణం చెప్పండి. చేతి చెమట, జిడ్డు అంటితే పాలరాయికి మరకలు పడతాయి.

4. పేరు, సంవత్సరం చదివించే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అనుకుంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? అమెరికాలో అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ రూపొందించిన పద్ధతి ఇది. తప్పు జవాబు అంటూ ఉండదు కాబట్టి మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లోనో బస్సులోనో "ఎన్ని గదులు చూశావు?" అని కాకుండా "ఎవరితో మాట్లాడావు, ఏం అడిగావు?" అని అడగండి. ఆ జవాబును తెలుగులోనైనా, ఇంగ్లిష్‌లోనైనా రెండు వాక్యాలు డైరీలో రాయించి పంపండి. సోమవారం క్లాసులో అందరం చదువుకుంటాం.

మీ పిల్లల ఇంగ్లిష్ టీచర్