కిరాయి ఒప్పుకునే ముందు గంటలు లెక్కపెట్టండి

"ఎల్లుండి పొద్దుగాల ఆజాద్‌పూర్ మండీల దింపాలె. ఐతదా, కాదా?" మామిడి సీజన్‌లో కొల్లాపూర్ తోటల దగ్గర వ్యాపారి అడిగే తీరు ఇదే. కిరాయి చేజారుతుందేమోనని చాలామంది డ్రైవర్లు ఠక్కున "ఐతది సేటూ" అనేస్తారు. ప్రమాదానికి పునాది అక్కడే పడుతుంది. బండి ఇంకా తోట కూడా దాటలేదు!

ఆ మాట అనే ముందు ఒక్క నిమిషం లెక్క వేయండి. జడ్చర్ల దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కి, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా హైదరాబాద్ దాటి, నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా ఢిల్లీ చేరాలంటే 1,700 కిలోమీటర్ల పైమాటే. హైవే మీద లారీ గంటకు 80 దాకా పోవచ్చు. కానీ టోల్‌గేట్లు, ఘాట్లు, ఊళ్లు కలుపుకుంటే నిండు లోడుతో సగటు 40-45 దాటడం కష్టం. అంటే స్టీరింగ్ ముందు సుమారు 40 గంటలు.

మరి మనిషికి ఎన్ని గంటలు? 2025లో రద్దయ్యేదాకా అమలైన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పెట్టిన కొలత ఇది: రోజుకు 8 గంటల పని, వరుసగా 5 గంటలు నడిపితే కనీసం అరగంట విరామం, మళ్లీ డ్యూటీ ఎక్కేలోగా 9 గంటల ఏకధాటి విశ్రాంతి. బండి మీ సొంతమే కావచ్చు, ఆ కొలతే పెట్టుకోండి. ఒక్క డ్రైవరుకు ఇది ఐదు రోజుల పని. ఇద్దరుంటే మూడో రోజుకు చేరుతుంది. ఒక్కడే రెండు రోజుల్లో దింపాలంటే ఆ తేడా అంతా నిద్రలోంచే కోయాలి.

నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండి తీరాలన్న నిబంధనను 2018లో తీసేశారు. రెండో జీతం మిగిలిందని సంబరపడే యజమాని, తెల్లవారుజామున మూడింటికి సియోనీ అడవుల దగ్గర అదే క్యాబిన్‌లో ఒకసారి కూర్చుని చూడాలి.

కాబట్టి జవాబు ఇలా ఉండాలి: "సేటూ, ఇద్దరం పోతం. మూడో దినం మాపటికి దింపుత. తొందరైతే కోత ఒక పూట ముందుకు జరుపుండ్రి." పచ్చికాయను గాలాడే క్రేట్లలో సర్దితే ఆ మాత్రం ప్రయాణం తట్టుకుంటుందని వ్యాపారికి మీకన్నా బాగా తెలుసు. భయపడి "ఐతది" అనేవాడికి ఎదుటివాడు గడువు పెడతాడు. లెక్క చెప్పేవాడితో బేరమాడతాడు.

రెండో "కాదు" బరువు దగ్గర చెప్పాలి. "ఇంకో ఇరవై క్రేట్లే కదన్నా" అన్నప్పుడు మొహమాటపడకండి. 2018 జూలైలో కేంద్రం పరిమితులు పెంచాక పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5కు పెరిగింది. అయినా మీ ఆర్‌సీలో ఎంత రాసి ఉంటే అంతే మీ హద్దు. ఖాళీ బండి బరువు తీసేశాక మిగిలేదే సరుకు. లోడయ్యాక కాంటా పెట్టించి చీటీ దగ్గర ఉంచుకోండి. పరిమితి దాటితే 20,000 రూపాయల జరిమానా, ఆపైన అదనపు టన్నుకు 2,000. ఎక్కువైన సరుకును మే నెల ఎండలో రోడ్డు పక్కన దింపించవచ్చు కూడా. అప్పుడు ఆ కూలీ ఎవరిస్తారో ముందే అడగండి, ఇరవై క్రేట్ల ముచ్చట అక్కడితో ఆగిపోతుంది.

కాగితాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పర్మిట్, పొల్యూషన్ గడువులు తిరిగొచ్చే తేదీ దాకా ఉన్నాయా చూడండి, బయలుదేరే తేదీ దాకా కాదు. డిజీలాకర్‌లో ఉంటే చాలు. బండి పాతదైతే మాత్రం ఆగండి: ఢిల్లీలో నమోదు కాని బీఎస్-3, అంతకన్నా పాత సరుకు వాహనాలను 2025 నవంబర్ 1 నుంచి నగరంలోకి రానివ్వడం లేదు. ఇది మండీ గుమ్మంలో తెలిస్తే లాభమేంటి?

ఎక్కడ ఆగాలో కూడా ఇంటి దగ్గరే రాసుకోండి. రాత్రి 2 నుంచి 5 మధ్య కళ్లు మోసం చేసే వేళ. టీ, గుట్కా, గట్టిగా పెట్టిన పాటలు నిద్రకు బదులు రావు. వెలుతురున్న ఢాబాలోనో బంకులోనో బండి పెట్టి పడుకోండి. హైవే అంచున లైట్లార్పి ఆపితే మీ నిద్ర వెనకొచ్చేవాడి ప్రాణం మీదికి వస్తుంది. బండి ఆగిపోతే 1033కు ఫోన్ చేయండి.

ఇక రిటర్న్ లోడు. పోయేటప్పుడు తాజా మామిడికి ఈ-వే బిల్లు అక్కర్లేదు. ఆ అలవాటులో తిరుగు సరుకుకు మరిచిపోతారు. 50,000 రూపాయలు దాటిన పన్ను సరుకైతే బిల్లు ఉండాల్సిందే. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున ఈ దూరానికి 9 రోజుల గడువిస్తుంది. దారిలో చెడిపోయి సరుకు వేరే లారీకి మారిస్తే బిల్లులో బండి నంబరు మార్పించాలి. గడువు సరిపోకపోతే, అది తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరాక 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. ఈ పని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుదే. అర్ధరాత్రి అక్కడ ఫోనెత్తేది ఎవరో, నంబరేమిటో లోడు ఎక్కకముందే రాయించుకోండి.