చవక 5జీ ఫోన్ కొనే ముందు సిమ్ చూసుకోండి

ప్రశ్న: మాది మహబూబాబాద్ దగ్గర పల్లె. ఏనుమాముల మార్కెట్లో మిర్చి ధరలు తెలుసుకోవడానికి, అమ్మాయి ఆన్‌లైన్ పాఠాలకు రెడ్‌మీ ఏ4 5జీ కొనొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ముందు మీ సిమ్ ఏదో చూసుకోండి. 2024 నవంబరులో రూ.8,499 ధరతో వచ్చిన ఈ ఫోన్‌కు స్టాండలోన్ 5జీ (4జీ నెట్‌వర్క్ సాయం లేకుండా నడిచేది) మాత్రమే అందుతుంది. జియోది అదే పద్ధతి. ఎయిర్‌టెల్ 5జీ మొదలైంది వేరే పద్ధతిలో. ఆ సిమ్ వేస్తే చాలాచోట్ల 4జీతోనే సరిపెట్టుకోవాలి. ఈ సంగతి షాపులో మీరే అడగాలి.

5160 ఎంఏహెచ్ బ్యాటరీ, 6.88 అంగుళాల తెర పాఠాలకు బాగుంటాయి. ర్యామ్ 4 జీబీయే, ఒకేసారి నాలుగైదు యాప్‌లు తెరిస్తే నెమ్మదిస్తుంది. 64 జీబీ స్టోరేజీ వాట్సాప్ వీడియోలతోనే ఇట్టే నిండిపోతుంది. వెయ్యి ఎక్కువైనా 128 జీబీదే తీసుకోండి. డబ్బు కట్టేముందు ఫోన్‌ను షాపు బయటికి తెచ్చి, ఎండలో అక్షరాలు కనబడుతున్నాయో లేదో చూడండి. జియో సిమ్ ఉంటే కొనండి, ఎయిర్‌టెల్ అయితే వేరే ఫోన్ చూసుకోండి.