ఒకే పేరు – ఇద్దరు విజయరామరాజులు

 

మొన్న క్విజ్ పోటీలో "తాండ్ర పాపారాయుడు ఎవరిని చంపాడు? ఏ సంవత్సరంలో?" అని అడిగారు. నేను గబుక్కున లేచి "విజయరామరాజు, 1794" అని చెప్పేసాను. పేరు సరే గానీ సంవత్సరం తప్పు. మా జట్టు ఓడిపోయింది. నేను ఏటి తప్పు చేసానో సోషల్ టీచరు గారు కంప్యూటర్ గదిలో చూపించారు. అక్కడ నేర్చుకున్నది మీ అందరి కోసం వ్రాస్తున్నాను.

విజయనగరం రాజుల్లో విజయరామరాజు అనే పేరు ఒక్కరిదే కాదు. యుద్ధాల్లో వినిపించే ఇద్దరి సంగతి చూద్దాం.

మొదటివాడు పెద్ద విజయరామరాజు. ఈయన ఫ్రెంచి సేనాని బుస్సీతో కలిసి బొబ్బిలి కోట మీదికి వెళ్ళాడు. 1757 జనవరి 24న యుద్ధం జరిగింది. బొబ్బిలి రాజు రంగారావు చనిపోయాడు. రాజాంలో ఉన్న పాపారాయుడు సంగతి తెలిసి వచ్చి, రాత్రిపూట డేరాలో దూరి విజయరామరాజుని చంపేసాడు.

రెండవవాడు చిన్న విజయరామరాజు. ఈయన 1794 జూలై 10న పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి మరణించాడు. ఆ సైన్యానికి నాయకుడు ప్రెండర్‌గాస్ట్. తరువాత ఈయన కొడుకు నారాయణబాబు కొండ జమీందార్ల దగ్గర తలదాచుకున్నాడు.

ఇద్దరి చావులకీ మధ్య 37 సంవత్సరాలు తేడా. ఒకరు ఫ్రెంచివారితో కలిసి యుద్ధం చేసారు, ఇంకొకరు ఇంగ్లీషువారి మీద యుద్ధం చేసారు. నేను మొదటివాని చావుకి రెండవవాని సంవత్సరం అంటించేసాను!

టీచరు గారు చూపించినది వికీడేటా అనే విజ్ఞాన భాండాగారం. ఇది 2012లో మొదలయింది. అందులో మనిషికైనా, ఊరికైనా, సినిమాకైనా "క్యూ" అనే అక్షరంతో ఒక నెంబరు ఉంటుంది. మన ట్రంకు పెట్టెల మీద, కంచాల మీద నెంబర్లు వేసుకున్నాం కదా, అలాంటిదే. పేరు ఇద్దరికి ఉండొచ్చు, నెంబరు మాత్రం ఒక్కరికే. తాండ్ర పాపారాయుడు అంటే మనిషి ఉన్నాడు, 1986లో కృష్ణంరాజు గారు నటించిన సినిమా కూడా ఉంది. సినిమా చూసి మనిషి కథ వ్రాయకూడదు కదా.

ఒక సేనానిని సరిగా గుర్తుపట్టడానికి ఇవి చూడాలి:

1. పేరు, మారుపేర్లు. మన పెద్దలు బుస్సీ దొర అన్నా, ఫ్రెంచివారు మార్క్విస్ డి బుస్సీ అన్నా మనిషి ఒక్కడే. ఆయన 1785లో పాండిచ్చేరిలో చనిపోయాడు.

2. ఎప్పుడు, ఎక్కడ చనిపోయాడు.

3. ఎవరి పక్షాన, ఎవరి మీద పోరాడాడు.

4. ఊరు. ఇక్కడ జాగ్రత్త! రాజాం 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉంది. పాత పుస్తకం, కొత్త పుస్తకం చూసి రెండు రాజాంలు అనుకోకూడదు.

5. ఆధారం. ఏ పుస్తకంలో ఉందో చెప్పాలి. తేదీ దొరకకపోతే ఆ గడి ఖాళీగా వదలాలి. ఊహించి నింపకూడదు.

ఈ అయిదవది చదివినప్పుడు నాకు నా సంగతే గుర్తొచ్చింది. మా సవరల్లో చాలామందికి ఇంటిపేరు "సవర" అనే వ్రాస్తారు. నా పేరు, ఇంటిపేరు రెండూ ఉన్న అమ్మాయి పక్క ఊరిలో ఉంది. పోయిన సంవత్సరం ఒక ఆఫీసులో మా ఇద్దరి కాగితాలు కలిసిపోయాయి. నా స్కాలర్‌షిప్పు ఆగిపోయింది. మా అయ్య జీడితోట పని మానుకొని మూడుసార్లు తిరిగాడు. "ఇదే పేరుతో ఇద్దరున్నారు, మీ పిల్ల ఎవరు?" అని అడిగారట. మా అయ్యకి చదువు రాదు. "మా పిల్ల మా పిల్లే బాబూ" అన్నాడట. పుట్టిన తేదీ అడిగితే, కందికొత్తల పండగ అయిన వారానికి అని చెప్పాడట. కాగితంలో మాత్రం జూన్ 1 అని ఉంది. బడిలో వేసినప్పుడు ఎవరో ఊహించి వ్రాసిన తేదీ అది. చివరికి మా అమ్మ పేరు, ఊరి పేరు చూసి నన్ను గుర్తుపట్టారు.

రాజులకి తప్పు వ్రాస్తే క్విజ్‌లో ఒక మార్కు పోతుంది. మనకి తప్పు వ్రాస్తే ఏడాది డబ్బు పోతుంది, మా అయ్యకి మూడు రోజుల కూలి పోతుంది. కనుక ఫారం నింపేటప్పుడు అమ్మ పేరు, అయ్య పేరు, ఊరు, తేదీ అన్నీ మనమే ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. మన అమ్మానాన్నలకి చదువు రాదు కాబట్టి ఆ పని మనదే. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు తాతమ్మల్ని అడిగి మన ఊరి పెద్దల పేర్లు, ఏ పండగకి పుట్టారో అన్నీ నోటుబుక్కులో వ్రాసుకొని రండి.

ఇప్పుడు మీరు చెప్పండి:

(అ) పద్మనాభం యుద్ధంలో చనిపోయిన విజయరామరాజు ఎవరు?
(ఆ) బుస్సీ ఏ దేశం సేనాని?
(ఇ) మీ అమ్మమ్మ పూర్తి పేరేమిటి?

మూడవ దానికి జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు. ఇంటికి వెళ్ళి అడగాల్సిందే.

నాకు తెలిసినంతలో వ్రాసాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని