ప్రాసెసర్: ధర చూడాలా, వేగం చూడాలా?

ప్రశ్న: ఆఫీసు పనికి, అప్పుడప్పుడు గేములకు కంప్యూటర్ కొనేవారికి రైజెన్ 5 5600 సరిపోతుందా, ఖరీదెక్కువైనా రైజెన్ 5 7600 మేలా?

జవాబు: రెండింటిలోనూ 6 కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు, ఉన్నప్పటికీ, 7600 కొత్త తరానిది కావడం, గరిష్ఠ వేగం 4.4కు బదులు 5.1 గిగాహెర్ట్జ్ ఉండడం వల్ల అదే వేగవంతమైనది. అయితే ఉత్తరాలు, పట్టికలు, బ్రౌజర్ వరకే పరిమితమైన పనిలో ఆ తేడా కంటికి ఆనదు.

అసలు చిక్కు ప్రాసెసర్ ధరలో కాక దాని వెంట వచ్చే ఖర్చులో ఉంది. 7600 అమర్చే ఏఎం5 మదర్‌బోర్డు డీడీఆర్5 మెమరీని మాత్రమే స్వీకరిస్తుంది కనుక పాత డీడీఆర్4 ర్యామ్ అక్కరకు రాదు. మరోవైపు, తెరపై బొమ్మను చూపే గ్రాఫిక్స్ భాగం 7600లో అంతర్భాగంగా ఉండగా 5600లో అసలే లేదు కాబట్టి, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనకపోతే మానిటర్‌పై బొమ్మ రాదు. చవక అనుకున్నది ఖరీదయ్యేది ఇక్కడే.

కనుక 5600 అమరే ఏఎం4 మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు ఇప్పటికే ఉన్నవారు, బోర్డు తయారీదారు జాబితాలో 5600 పేరు ఉందో లేదో చూసుకుని, అవసరమైతే బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన బయోస్‌ను నవీకరించి, 5600నే ఎంచుకోవడం మేలు. అన్నీ కొత్తగా కొనేవారికి 7600 తగినది.