నోడ్‌ను ముట్టుకునే ముందు

పీహెచ్‌పీ 5 తో 2004లో, హెచ్‌టీఎంఎల్‌ను నోడ్ల చెట్టుగా చదివే డామ్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది. అయినా హెచ్‌టీఎంఎల్‌లో చిన్న మార్పు చేయమంటే కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లల చెయ్యి ముందు స్ట్రింగ్ రీప్లేస్ మీదికే పోతుంది. వాళ్ల పక్కన కూర్చుని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాటలివి.

1. రెజెక్స్‌తో ట్యాగులు కోయకండి. ఇవాళ పనిచేసిన ప్యాటర్న్, రేపు ఎవరైనా ఆట్రిబ్యూట్ల వరస మార్చినా, డివ్‌లో ఇంకో డివ్ పెట్టినా చతికిలబడుతుంది. డామ్‌లోని డామ్‌డాక్యుమెంట్ క్లాస్‌కు అప్పగిస్తే ఏ ట్యాగ్ ఎక్కడ ముగుస్తుందో అదే చూసుకుంటుంది.

2. తెలుగు పేజీ అయితే మొట్టమొదట ఎన్‌కోడింగ్ చూడండి. క్యారెక్టర్ సెట్ ఏదో చెప్పకపోతే లోడ్‌హెచ్‌టీఎంఎల్ దాన్ని లాటిన్-1 అనుకుంటుంది. యూటీఎఫ్-8లో ‘త’కు 3 బైట్లు, దాని మీది ఎత్వానికి మరో 3. అంటే ‘తె’ అనే ఒక్క అక్షరాన్ని పార్సర్ ఆరు లాటిన్ గుర్తులుగా చదివేస్తుంది. పేజీ నిండా చెత్త కనిపిస్తే చాలామంది డేటాబేస్‌ను అనుమానించి రోజంతా అందులోనే వెతుకుతారు. పూర్తి పేజీ అయితే హెడ్‌లో అన్నిటికంటే ముందు మెటా చార్‌సెట్ పెట్టండి. ముక్క మాత్రమే అయితే, యూటీఎఫ్-8 అని చెప్పే ఎక్స్ఎంఎల్ డిక్లరేషన్‌ను ముందు తగిలించి లోడ్ చేసి, తర్వాత ఆ నోడ్‌ను తీసేయండి. అంతా హెచ్‌టీఎంఎల్ ఎంటిటీలుగా మార్చే పాత ఎంబీ కన్వర్ట్ చిట్కా వద్దు. పీహెచ్‌పీ 8.2 నుంచి అది డిప్రికేటెడ్.

3. లూప్ తిరుగుతూ నోడ్లను తీసేయకండి. నన్నడిగితే అన్నిటికంటే ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. గెట్‌ఎలిమెంట్స్‌బైట్యాగ్‌నేమ్ ఇచ్చే జాబితా సజీవమైనది. పది పేరాలున్నాయనుకోండి. ఇండెక్స్ సున్నా దగ్గర మొదటిది తీశారు. ఆ క్షణమే రెండోది సున్నాలోకి జరిగింది. మీ ఇండెక్స్ మాత్రం ఒకటికి వెళ్లి మూడోదాన్ని పట్టుకుంది. చివరికి అయిదు పోతాయి, అయిదు మిగులుతాయి. ఎర్రర్ ఏమీ రాదు. ముందు ఇటరేటర్-టు-అర్రే తో మామూలు అర్రే చేసుకోండి, లేదా చివర్నుంచి వెనక్కి రండి. ఎక్స్‌పాత్ క్వెరీ ఫలితం ఇలా కదలదు కాబట్టి నేను దాన్నే వాడతాను.

4. ప్రతి నోడ్‌కూ ఒక సొంత డాక్యుమెంట్ ఉంటుంది. ఒకదాంట్లోని నోడ్‌ను తెచ్చి వేరేదాంట్లో అపెండ్ చేస్తే ‘రాంగ్ డాక్యుమెంట్’ అంటుంది. ఇంపోర్ట్‌నోడ్ వాడండి, రెండో ఆర్గ్యుమెంట్‌గా ట్రూ ఇవ్వండి. అది ఇవ్వకపోతే పిల్ల నోడ్లు రావు. ఇంపోర్ట్‌నోడ్ చేసేది నకలు మాత్రమే, అసలు నోడ్ పాత చోటే ఉంటుంది.

5. ఫస్ట్‌చైల్డ్ అంటే మొదటి ట్యాగ్ అని అర్థం కాదు. ట్యాగుల మధ్య కొట్టిన ఎంటర్ కూడా టెక్స్ట్ నోడే. పీహెచ్‌పీ 8 నుంచి ఫస్ట్‌ఎలిమెంట్‌చైల్డ్ ఉంది, హాయిగా వాడుకోండి.

6. యూజర్ టైపు చేసిన మాటల్ని క్రియేట్‌ఎలిమెంట్ రెండో ఆర్గ్యుమెంట్‌లో ఇవ్వకండి. అది ఆంపర్‌శాండ్‌ను ఎస్కేప్ చేయదు. క్రియేట్‌టెక్స్ట్‌నోడ్ చేస్తుంది.

7. ఆటమ్ ఫీడ్‌లో ఎంట్రీలు కళ్లెదుటే ఉన్నా ఎక్స్‌పాత్ సున్నా చూపిస్తే, సంగతి నేమ్‌స్పేస్‌లో ఉంది. రిజిస్టర్‌నేమ్‌స్పేస్ తో ఒక ప్రిఫిక్స్ కట్టి, క్వెరీలో ప్రతి ఎలిమెంట్ పేరుకూ ముందు దాన్ని పెట్టండి.

8. డామ్‌డాక్యుమెంట్ వాడే పాత పార్సర్ హెచ్‌టీఎంఎల్ 4 కాలం నాటిది. సెక్షన్, ఆర్టికల్ ట్యాగులు చూస్తే వార్నింగులు కురిపిస్తుంది. 2024 నవంబరులో వచ్చిన పీహెచ్‌పీ 8.4లో డామ్ నేమ్‌స్పేస్ కింద కొత్త హెచ్‌టీఎంఎల్‌డాక్యుమెంట్ క్లాస్ ఉంది. దాని వెనక ఉన్నది లెక్స్‌బోర్ పార్సర్. హెచ్‌టీఎంఎల్ 5 చదువుతుంది, క్వెరీసెలెక్టర్ కూడా ఇస్తుంది. కొత్త పని ఏదైనా దీనితోనే మొదలుపెట్టమంటాను. పాత కోడ్‌ను ఇందులోకి మార్చేటప్పుడు మాత్రం ఎక్స్‌పాత్ క్వెరీలన్నీ ఒకసారి నడిపి చూడండి. ఇందులో ఎలిమెంట్లన్నీ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ నేమ్‌స్పేస్‌లో ఉంటాయి కాబట్టి, నిన్నటిదాకా పేరాలు తెచ్చిన క్వెరీ ఇవాళ ఖాళీ చేతులతో వస్తుంది.